గినీ పిగ్‌లు చెయ్యి పెడితే పారిపోతున్నాయి, ఎట్లా మచ్చిక చేసుకోవాలి?

కల్లూరు అమ్మ, కర్నూలు | జనవరి 20

అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా పాపకు రెండు గినీ పిగ్‌లు (తోక లేని ఎలుక జాతి చిన్న జీవాలు) కొనిచ్చినాం. నాలుగో తరగతి చదువుతోంది, ఏడాది నుంచి అడుగుతా ఉండింది. ఒకటి ఎర్రగా ఉంటుంది, దానికి రాగి అని పేరు పెట్టుకుంది. ఇంకోటి లేత పసుపు కలిసిన తెలుపు, అది జొన్న. రెండూ ఆడవే, రెండు నెలల పిల్లలు అని అంగట్లో చెప్పినారు.

ఇంటికి తెచ్చి ఆరు రోజులైంది. పంజరంలో చెయ్యి పెట్టడం ఆలస్యం, రెండూ ఒకదాని మీద ఒకటి పడి అట్టపెట్టెలోకి దూరిపోతాయి. మనిషి అక్కడుంటే మేత కూడా ముట్టవు. మొన్న మా ఆయన పైనుంచి చెయ్యి పెట్టి జొన్నను పట్టుకుని పాప ఒళ్లో పెట్టినాడు. అది కీచుమని అరిచి, కాళ్లతో తన్ని, కిందికి దూకబోయింది. పాప బెదిరిపోయింది. "అమ్మా, దానికి నేనంటే ఇష్టం లేదు" అని ఏడ్చి, అప్పటి నుంచి ఆ పక్కకే పోవడం లేదు.

పంజరం హాల్లో టీవీ పక్కన నేల మీద పెట్టినాం. తినడానికి వరిగడ్డి, కీర, క్యారెట్, పొద్దున ఒక చపాతీ ముక్క. అంగట్లో ఇవే పెట్టమన్నారు. కుక్కల్ని, పిల్లుల్ని పెంచినోళ్లు మా చుట్టాల్లో చానామంది ఉన్నారు గానీ వీటి సంగతి ఎవరికీ తెలియదు. వీటికి మనిషి చెయ్యి అలవాటవుతుందా? ఎన్నాళ్లు పడుతుంది?

కుయ్‌కుయ్ ఇల్లు, కడప | జనవరి 20

అమ్మా, వాటికి పాపంటే ఇష్టం లేక కాదు, ఇంకా పరిచయం కాలేదు. ఈ మాట ముందు పాపకు చెప్పండి. ఆరు రోజులంటే ఏ మూలకూ రావు. ఆరేళ్లలో నా దగ్గర ఐదు పెరిగినాయి. ఒకటి మూడో రోజే చేతిలో కొత్తిమీర తినింది, ఇంకోదానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలదే తర్వాత నా ఒళ్లో కాళ్లు చాపుకుని పడుకునేది.

ఇవి దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల జీవాలు. పెరూ ప్రాంతం వాళ్లు వేల ఏళ్ల కిందటే వీటిని ఇళ్లలో పెంచినారు, అదీ మాంసం కోసం. చెట్టెక్కలేవు, ఎదురు తిరిగి పోరాడలేవు. ప్రాణం కాపాడుకోవాలంటే పరుగెత్తి దాక్కోవడం ఒక్కటే దారి. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి పక్కనా వెనకా ఏం కదిలినా తెలుస్తుంది, మూతికి ఎదురుగా ఉండేదే సరిగా కనబడదు. మీ ఆయన చెయ్యి పైనుంచి దిగింది, దాని లెక్కలో అది గద్ద.

రేపే పంజరాన్ని నేల మీద నుంచి తీసి నడుమెత్తు బల్ల మీద పెట్టండి, ఒక పక్క గోడ ఉండేటట్టు. నేల మీద ఉన్నంతకాలం మనిషి ప్రతిసారీ కొండలాగా వాటి మీదికి వంగుతాడు. టీవీ పక్కన అస్సలు వద్దు. దాక్కునే పెట్టెలు రెండు ఉంచండి, ఒక్కో పెట్టెకు రెండు దారులు. దాక్కోనిస్తే బయటికి రావనుకుంటారు చానామంది. నేను చూసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. పారిపోయే చోటు ఉందని ధైర్యమున్నదే ముందుగా బయటికి వస్తుంది.

వారం పాటు ఎవరూ ముట్టుకోవద్దు. పాప పక్కన కూర్చుని ఏదో ఒకటి మెల్లగా చదువుకోనీ, రోజూ ఒకే వేళకు. తర్వాత అరచెయ్యి పైకి తిప్పి పంజరం నేల మీద ఆనించి పెట్టాలి, అందులో రెండు కొత్తిమీర రెబ్బలు. చెయ్యి కదలకూడదు. అవి వస్తే వస్తాయి, రాకుంటే రెబ్బలు అక్కడే పెట్టి వచ్చేయాలి.

చపాతీ మానేయండి. దాని బదులు రోజూ కాస్త క్యాప్సికం పెట్టండి, వాటికి అది కావాలి.

ధర్మవరం మగ్గం | జనవరి 21

అక్కా, ఇంత నిదానం అవసరమా అని నాకు అనిపిస్తాంది. నేను కుక్కపిల్లను తెచ్చినప్పుడు రోజూ చేతిలోనే పెట్టుకున్నా. రెండు రోజులు మూలిగింది, మూడో రోజుకు నన్ను విడిచి పోలేదు. వీటిని కూడా పట్టుకుని రోజూ ఒక అరగంట ఒళ్లో పెట్టుకుంటే భయం అదే పోతుంది కదా. మా మేనమామ ఇంట్లో ఒకటి ఉండాది, వాళ్లు అట్లే చేసినారు. ఇప్పుడు ఎవరు పట్టుకున్నా కదలకుండా ఉంటాది.

కుయ్‌కుయ్ ఇల్లు, కడప | జనవరి 21

తమ్ముడూ, మీరు మంచి మనసుతో చెప్పినారు, కానీ "కదలకుండా ఉంటాది" అన్నారే, నా భయమంతా ఆ మాటతోనే. కుక్క మందలో వేటాడే జాతి, మనిషి ఒడి దానికి ఆటవిడుపు. గినీ పిగ్‌కు పారిపోయే దారి లేకపోతే రాయిలాగా బిగుసుకుపోతుంది. కళ్లు పెద్దవి చేసుకుని, మెడ బిగబట్టి, మూతి కూడా ఆడించదు. చూసేవాళ్లు ఎంత బుద్ధిగా ఉందో అనుకుంటారు. లోపల గుండె పరుగెత్తుతా ఉంటుంది.

సుఖంగా ఉన్నది ఇంకో రకం. ఒళ్లో పడుకుని ఒళ్లు వదులు చేస్తుంది, వెనక కాలు ఒకటి పక్కకు చాపుతుంది, మీరు పెట్టింది అక్కడే తింటుంది. గొంతులో నుంచి సన్నగా గుర్ర్‌మని లోతైన శబ్దం వస్తుంది. అదే గుర్రు కీచుగా పైకి పోయి, ఒంట్లో చిన్న అదురు కనిపిస్తే ఆపమని అర్థం. నిమిరేటప్పుడు తలను ఒక్కసారి పైకి విసిరితే "చెయ్యి తీయి" అని చెప్పడమే. పళ్లు టకటకమని కొట్టుకుంటే కోపం వచ్చినట్టు, అప్పుడు వేలు దగ్గరికి పోనీయొద్దు.

మీ మేనమామ ఇంట్లో దానికి ఒళ్లో ఉన్నప్పుడు ఒక కొత్తిమీర రెబ్బ ఇచ్చి చూడమనండి. తింటే అలవాటైనట్టు. తినకపోతే ఆలోచించాలి.

అనంత చెనిక్కాయ, అనంతపురం | జనవరి 22

గద్ద అన్నారు చూడండి, ఆ మాట మా అవ్వ చెప్తాండె. కోడిపిల్లల్ని పట్టాలంటే నిలబడి చెయ్యి చాపకూడదు, చాపితే తల్లి కోడి ఒక కూత వేస్తాది, పిల్లలన్నీ రెక్కల కిందికి పోతాయి. అవ్వ కింద గొంతు కూర్చుని, నేల మీద నుంచి చెయ్యి జరుపుతా పోయేది, పిల్ల తనంతట తానే అరచేతిలోకి ఎక్కేది. నేను గినీ పిగ్‌లు పెంచలా, కుందేళ్లు పెంచినా. దారి అదే.

కసువు ఏం పెడతాండారమ్మా? వట్టి వరిగడ్డి చాలదు. గరిక బాగా కడిగి పెట్టండి, మందు కొట్టని చోటు నుంచి తేవాల. చెనిక్కాయ కట్టె ఎండబెట్టింది ఎప్పుడన్నా ఒక పిడికెడు పెడితే ఇష్టంగా తింటాయి, రోజూ పెట్టొద్దు.

కృష్ణ ఒడ్డు పిల్ల, కడప | జనవరి 22

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది విజయవాడ, పెళ్లయి కడపకు వచ్చాను. "కసువు పెట్టడం" చదివి కాసేపు అర్థం కాలేదు. మా వైపు కసువంటే ఊడ్చి పారేసే చెత్త.

అనంత చెనిక్కాయ, అనంతపురం | జనవరి 22

మా దిక్కు కసువంటే పశువులు మేసే గడ్డి తల్లీ. ఊడ్చేది వేరే.

కల్లూరు అమ్మ, కర్నూలు | జనవరి 31

అందరికీ చానా థ్యాంక్స్. పంజరాన్ని వంటింటి గోడ పక్కన బల్ల మీద పెట్టినాం. పాపను ఊరికే కూర్చోమంటే రెండు నిమిషాలు కూర్చోదు, అందుకని సాయంత్రం ఆరు గంటలకు ఎక్కాలు అక్కడ కూర్చుని చదవమన్నా. బళ్లో ఇరవై దాకా ఒప్పజెప్పాలట. మొదటి మూడు రోజులు పెట్టెలో నుంచి ముక్కు కూడా బయటపెట్టలేదు. ఐదో రోజు రాగి బయటికొచ్చి, పాప ఎనిమిదో ఎక్కంలో ఉండగా, గడ్డి నమలడం మొదలుపెట్టింది. పాప నా వైపు తిరిగి కళ్లతోనే చూపించింది, నోరు మాత్రం ఎక్కం ఆపలేదు. ఆపితే లోపలికి పోతుందేమోనని భయం.

నిన్న అరచెయ్యి పెట్టింది. రాగి మెడ సాగదీసి, వెనక కాళ్లు పెట్టెలోనే ఉంచి, రెబ్బను లాక్కుని పారిపోయింది. దాని మీసాలు చేతికి తగిలినాయని పాప నాకు పదిసార్లు చెప్పింది. జొన్న ఇంకా రావడం లేదు.

క్యాప్సికం రెండు రోజులు పెట్టినా, వాసన చూసి వదిలేసినాయి. అందుకని ఆపేసినా.

కుయ్‌కుయ్ ఇల్లు, కడప | జనవరి 31

ఎంత మంచి వార్త చెప్పినారు! వెనక కాళ్లు పెట్టెలోనే ఉంచి మెడ సాగదీయడం సరిగ్గా మొదటి మెట్టు. ఇంకొన్ని రోజులకు నాలుగు కాళ్లూ బయటికొస్తాయి. అప్పుడు రెబ్బను మణికట్టు వైపు పెట్టండి, ముందరి కాళ్లు అరచేతి మీద వెయ్యాల్సి వస్తుంది. దానంతట అది మనిషిని తాకడం అక్కడ మొదలవుతుంది. మనం దాన్ని తాకడం ఆ తర్వాతే.

తాకేటప్పుడు ముందు దవడ కింద ఒక్క వేలితో, తర్వాత చెవి వెనక. వెంట్రుకలు పడుకున్న వైపే నిమరాలి. వెనక భాగం, పొట్ట జోలికి పోవద్దు, వెనక నుంచి పట్టేది వేటాడే జంతువే అని వాటి భయం. ఐదు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయమనండి పాపను. మళ్లీ చేతి దగ్గరికి వస్తే ఇంకో ఐదు సెకన్లు. ఎప్పుడు ఆపాలో అది చెప్పగలిగితే దాని భయం సగం పోతుంది.

క్యాప్సికం ఆపొద్దు. కొత్తది ఏదైనా నాలుగైదు రోజులు అనుమానంగానే చూస్తాయి. సన్నగా తరిగి కొత్తిమీరతో కలిపి పెట్టండి.

కల్లూరు అమ్మ, కర్నూలు | ఫిబ్రవరి 12

రాగి దవడ కింద నిమిరించుకుంటోంది! కళ్లు సగం మూసింది. జొన్న కూడా చేతిలో కీర తింటోంది, నిమరనీయదు గానీ పారిపోదు. ఫ్రిజ్ తలుపు తీసినా, కొత్తిమీర కవరు చప్పుడైనా రెండూ కుయ్ కుయ్ కుయ్ అని ఇల్లెగరగొడతాయి. పాపకు ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని ఉంది. ఎత్తడం ఎట్లాగక్కా? ఆ పాత అరుపు మళ్లీ వినాలంటే నాకే భయం.

కుయ్‌కుయ్ ఇల్లు, కడప | ఫిబ్రవరి 12

చేత్తో ఎత్తకండి, పెట్టెతో ఎత్తండి. చెప్పుల పెట్టె ఒకటి పంజరంలో ఉంచి రోజూ దాంట్లోనే మేత వెయ్యండి. దానంతట అది లోపలికి పోయినాక రెండు చివర్లూ అరచేతులతో మూసి, పెట్టెను పెట్టెలాగే పాప ఒళ్లోకి తీసుకురండి. పాప నేల మీద చాప వేసుకుని కూర్చోవాలి. కుర్చీ, మంచం వద్దేవద్దు. వీటికి దూరం అంచనా తెలియదు, ఒళ్లో నుంచి దూకితే కాలు విరుగుతుంది, పళ్లు విరుగుతాయి. ఒళ్లో మందం తువాలు. పెట్టెలో నుంచి దానికి రావాలనిపించినప్పుడు వస్తుంది. మొదట ఐదు నిమిషాలు చాలు. అటూ ఇటూ కదలడం, తువాలు కొరకడం మొదలుపెడితే ఉచ్చ వస్తోందేమో, తిరిగి పెట్టేయాలి.

పెద్దవాళ్లు చేత్తో ఎత్తాల్సి వస్తే ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద, వెంటనే మన ఛాతీకి ఆనించుకోవాలి. నాలుగు కాళ్లకూ ఏదో ఒక ఆనుడు ఉంటే తన్నుకోదు. గాలిలో వేలాడితేనే దాని భయం. నడుం చుట్టూ పిడికిలి బిగించి మాత్రం ఎప్పుడూ ఎత్తకూడదు.

ఒంటరి బుడ్డోడు, కడప | ఫిబ్రవరి 14

అక్కా, నా దగ్గర ఒక్కటే ఉంది. మగది. మీరు చెప్పినట్టే చేస్తున్నా, నెలైంది. తింటుంది, కానీ రోజంతా మూలనే కూర్చుంటుంది. ఒక్కటే ఉంటే మనిషికి త్వరగా మచ్చికవుతుందని కదా అంటారు?

కుయ్‌కుయ్ ఇల్లు, కడప | ఫిబ్రవరి 14

నేనూ మొదట అట్లే విని ఒక్కదాన్నే తెచ్చుకున్నా. ఇప్పటికీ దాని గురించి బాధపడతా. ఇవి గుంపు జీవాలు. పక్కనున్నది నిశ్చింతగా తింటుంటే ఇది కూడా ధైర్యం తెచ్చుకుంటుంది. కర్నూలు అమ్మ ఇంట్లో రాగిని చూసే జొన్న బయటికొచ్చింది, గమనించినారా? స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచకూడదని చట్టమే ఉంది. తోడు తెచ్చేముందు మగదా ఆడదా అని తెలిసిన డాక్టరుతో చూపించుకోండి, అంగట్లో చెప్పింది తప్పు పోవడం మామూలే. ఆడదైతే పిల్లలు పుడతాయి. ఈనే వయసు దాటినాక మొదటిసారి చూలు కట్టితే తల్లి ప్రాణానికే ముప్పు.

కల్లూరు అమ్మ, కర్నూలు | మార్చి 4

చానా దిగులుగా రాస్తున్నా. పోయిన వారం దాకా రెండూ పాప ఒళ్లోకి వస్తుండె. జొన్న అయితే ఒకరోజు చాప మీద గాల్లోకి ఎగిరెగిరి గంతులు వేసింది. నాలుగు రోజుల నుంచి జొన్నను ముట్టుకుంటే కీచుమంటోంది. మొదటి రోజు అరిచినట్టే. బయటికి రాదు, ముడుచుకుని కూర్చుంటుంది. మళ్లీ మొదటికే వచ్చిందని పాప ఏడుస్తోంది. నేనేమన్నా గట్టిగా పట్టుకున్నానా అమ్మా అని అడుగుతోంది. మళ్లీ వారం పాటు ముట్టుకోకుండా మొదటి నుంచి రావాలా?

పశువైద్య విద్యార్థి, పొద్దుటూరు | మార్చి 4

అక్కా, ఇక్కడి పశువైద్య కళాశాలలో చదువుతున్నా, ఇంకా డాక్టరును కాను, మందు చెప్పను. కానీ దయచేసి దీన్ని మచ్చిక సమస్య అనుకోకండి. అలవాటైన జీవం ఉన్నట్టుండి ముట్టుకోనీయకపోతే ముందు నొప్పి గురించి ఆలోచించాలి. వేటకు గురయ్యే జాతి కాబట్టి నొప్పిని దాచుకుంటాయి, ఇక దాచలేనప్పుడే మనకు తెలుస్తుంది.

వెంటనే చెప్పండి: మేత తింటోందా? పెంటికలు వేస్తోందా? మోకాళ్ల దగ్గర వాపుందా? వెంట్రుకలు ఊడిన చోట్లు, పొక్కులు ఉన్నాయా? వంటింటి కాటా మీద గిన్నె పెట్టి రెండిటినీ తూచండి. ఈ రెండు నెలల్లో ఏమేం తిన్నాయో, ఎవరు ఏం పెట్టినారో అన్నీ రాయండి.

కల్లూరు అమ్మ, కర్నూలు | మార్చి 4

రాగి 560 గ్రాములు, జొన్న 420. తింటోంది గానీ తక్కువ, మెల్లగా. వెనక కాళ్లు ఈడుస్తున్నట్టు ఉంది. మోకాలు కాస్త లావుగా ఉందేమో, పట్టుకోనీయడం లేదు.

మేత సంగతి ఇప్పుడు అందరినీ కూర్చోబెట్టి అడిగినా. కొత్తిమీర, క్యాప్సికం పెడుతున్నా, కానీ ఒకే గిన్నెలో. రాగి ముందు వచ్చి అంతా తినేస్తుంది. జొన్నకు మిగిలేది కీర, గడ్డి. మా అత్తమ్మకు జొన్న మీద ప్రేమ ఎక్కువ, అది సన్నగా ఉందని పొద్దున, సాయంత్రం చపాతీ చేత్తో తినిపిస్తోందట. చపాతీ వద్దని అక్క చెప్పిన మాట నేను ఆమెకు చెప్పలేదు. అది నా తప్పు.

పశువైద్య విద్యార్థి, పొద్దుటూరు | మార్చి 4

అయితే విటమిన్ సి లోపం అయ్యుండే అవకాశం ఎక్కువ. వేరే కారణాలు కూడా ఉండొచ్చు, గజ్జి పురుగు, పళ్లు పెరగడం, మూత్రంలో రాయి. చేత్తో చూడకుండా ఎవరూ తేల్చలేరు. రేపు పొద్దున్నే తీసుకుపోండి. మన జిల్లాల్లో ఆసుపత్రులకు ఎక్కువగా వచ్చేది ఆవులు, బర్రెలు, గొర్రెలు, కాబట్టి ముందే ఫోన్ చేసి గినీ పిగ్‌ను చూస్తారా అని అడగండి. రాగిని కూడా తీసుకుపోండి, పక్కన ఉంటే జొన్నకు ధైర్యం.

రెండు జాగ్రత్తలు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ పొరపాటున కూడా ఇవ్వకండి. అమాక్సిసిలిన్ లాంటివి వీటి పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం తీస్తాయి. ఇంకోటి, పూర్తిగా మేత మానేస్తే పొద్దున దాకా ఆగొద్దు. వీటి పేగు ఎప్పుడూ నడుస్తా ఉండాలి, ఒక్క పూట ఆగినా ప్రమాదం.

బడిగంట, కర్నూలు | మార్చి 4

ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ జబ్బు వెనక ఒక చరిత్ర ఉంది, పాపకు చెప్పండి. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరే జబ్బు గురించి పరిశోధిస్తూ గినీ పిగ్‌లకు వట్టి ధాన్యం, రొట్టె లాంటివే పెట్టారు. వాటికి ఓడ నావికులకు వచ్చే స్కర్వీ వచ్చింది. పచ్చి కూరగాయలు ఇస్తే తగ్గింది. ఎలుకలు, కుక్కలు, మేకలు విటమిన్ సిని ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనిషి, గినీ పిగ్ చేసుకోలేవు. ఆ పోలికే లేకపోతే విటమిన్ సి మనకు ఇంకా ఆలస్యంగా దొరికేది. విటమిన్ సిని వేరు చేసిన హంగేరీ శాస్త్రవేత్త సెంట్-గ్యోర్గీకి 1937లో నోబెల్ రావడానికి ఈ చిన్న ప్రాణుల సాయం చాలా ఉంది.

అత్తమ్మగారిని ఏమీ అనకండి. సన్నగా ఉన్న పిల్లకు చేత్తో రొట్టె తినిపించడం మన ఇళ్లలో ప్రేమే.

కల్లూరు అమ్మ, కర్నూలు | మార్చి 6

చూపించుకుని వచ్చినాం. డాక్టరమ్మ అరగంట సేపు ఓపికగా చూసింది. రెండు మోకాళ్లూ వాచినాయి, విటమిన్ సి లోపమే అన్నది. పళ్లు, చర్మం బాగున్నాయి. చుక్కల మందు ఇచ్చింది, సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి రోజుకు రెండుసార్లు వెయ్యాలి. నీళ్లలో కలపొద్దన్నది, వెలుతురుకు దాని బలం పోతుందట, రుచి మారి నీళ్లు తాగడం కూడా మానేస్తాయట.

నాది ఒకటే దిగులు. మందు కోసం రోజుకు రెండుసార్లు పట్టుకోవాలి. ఇన్నాళ్లు కష్టపడి తెచ్చుకున్న నమ్మకం పోతుందేమో.

కుయ్‌కుయ్ ఇల్లు, కడప | మార్చి 6

పోకుండా ఒక దారి ఉంది, నేను రెండుసార్లు చేసినా. మందు మీరే వెయ్యండి, పాప చేత్తో వద్దు. పంజరం దగ్గర కాకుండా వేరే గదిలో, ఎప్పుడూ ఒకే రంగు తువాలులో చుట్టి వెయ్యండి. అప్పుడు దాని మనసులో భయం ఆ గదికి, ఆ తువాలుకు అంటుకుంటుంది. పంజరం, పాప చెయ్యి, ఆరు గంటల ఎక్కాలు శుభ్రంగా మిగిలిపోతాయి. మందు అయిన వెంటనే క్యాప్సికం ముక్క. నొప్పి తగ్గేదాకా పాప నిమరొద్దు, పక్కన కూర్చుని చదువుకుంటే చాలు.

గిన్నెలు రెండు పెట్టండి, మూరెడు దూరంలో. ఆరోగ్యంగా ఉన్నదానికి రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. వంద గ్రాముల పచ్చ క్యాప్సికంలో 80 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంటే పెద్ద లెక్కేమీ కాదు, ఒక్కోదానికి రెండు వేళ్ల వెడల్పు ముక్క. జామలో ఇంకా ఎక్కువ గానీ తీపి కాబట్టి వారానికి ఒకసారి చిన్న ముక్క. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ మాత్రం దగ్గరికి రానీయొద్దు. ప్రతి ఆదివారం తూచి నోటుబుక్కులో రాయండి. ఆ పని పాపకు అప్పగించండి.

నేను మొదట్లో క్యాప్సికం ఎందుకో చెప్పకుండా ఒక్క వాక్యంతో సరిపెట్టినా. అక్కడ ఇంకా వివరంగా రాసి ఉండాల్సింది.

ధర్మవరం మగ్గం | మార్చి 9

ఇది చదివి మా మేనమామ ఇంటికి పోయి చూసినా. ఒళ్లో పెట్టుకుని కొత్తిమీర ఇస్తే తినలా. మూతి కూడా ఆడించలా, కళ్లు పెద్దవి చేసుకుని అట్లే ఉండిపోయింది. అక్క చెప్పింది అచ్చం కనబడింది. మనసు చివుక్కుమంది. పంజరంలో ఒక్క పెట్టె కూడా లేదు దాక్కోడానికి. మా అత్తతో మాట్లాడి రెండు పెట్టెలు పెట్టి వచ్చినా, ఒక పది రోజులు ఎవరూ ఎత్తొద్దని పిల్లలకు చెప్పినా. నేను ఇక్కడ మొదట రాసిన సలహా ఎవరూ పాటించొద్దు.

కల్లూరు అమ్మ, కర్నూలు | మార్చి 22

జొన్న 490 గ్రాములు! వారానికే కాళ్లు ఈడ్చడం తగ్గింది, ఇప్పుడు మామూలుగా నడుస్తోంది. మా అత్తమ్మ ఇప్పుడు చపాతీ బదులు క్యాప్సికం తరిగి తనే చేత్తో పెడుతోంది, అదీ జొన్న గిన్నె దగ్గరే కూర్చుని, రాగి రాకుండా. ఎండలు ముదురుతున్నాయి, వాటికి ఏమన్నా చెయ్యాలా?

పశువైద్య విద్యార్థి, పొద్దుటూరు | మార్చి 22

చానా సంతోషం అక్కా. ఎండల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఇవి చలి కొండల జీవాలు, 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. 30 దాటితే వడదెబ్బ ప్రమాదం, మనకు 42 మామూలు. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలోకి మార్చండి. నీళ్ల సీసా గడ్డకట్టించి గుడ్డ చుట్టి ఒక మూల పెట్టండి, కావాలంటే ఆనుకుంటాయి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం పొద్దున ఆరు, ఏడు మధ్యకు మార్చండి. మనిషి ఒళ్లు కూడా వేడే కదా. నోరు తెరిచి రొప్పినా, చొంగ కారినా చెవులకు, పాదాలకు చల్లటి నీళ్లు తడిపి, మరీ ఐసు నీళ్లు కాదు, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

అనంత చెనిక్కాయ, అనంతపురం | మార్చి 22

నా కుందేళ్లకు పగిలిన కుండ అడ్డంగా పెడతా, పైన తడిగుడ్డ. లోపల ఎంత చల్లగా ఉంటాదో. కింద ఒక బేతంచెర్ల బండ వెయ్యండి, మీ దగ్గర దొరకని ఇల్లుండదు. దాని మీద పొట్ట ఆనించి పడుకుంటాయి.

కల్లూరు అమ్మ, కర్నూలు | ఏప్రిల్ 13

బండ వేసినాం, కుండ పెట్టినాం. మధ్యాహ్నమంతా రెండూ ఆ బండ మీదే. జొన్న 560.

ఈ పొద్దున జరిగింది రాయాలనే వచ్చినా. పాప చాప మీద కూర్చుని పదమూడో ఎక్కం చదువుతోంది. దానికి పదమూడేళ్లు దగ్గర ఎప్పుడూ తడబాటు. ఆగిపోయి గుర్తు చేసుకుంటోంది. గది నిశ్శబ్దమైంది. పెట్టెలో నుంచి జొన్న బయటికొచ్చింది. పాప చేతిలో ఏమీ లేదు, కొత్తిమీర లేదు, కీర లేదు, అరచెయ్యి ఊరికే మోకాలి పక్కన పెట్టుకుని ఉంది. జొన్న వచ్చి ముందరి కాళ్లు రెండూ ఆ చేతిలో పెట్టి, వేళ్లు వాసన చూసి, అక్కడే కూర్చుంది. పాప ఊపిరి బిగబట్టింది. కాసేపటికి ఒక్క వేలితో చెవి వెనక నిమిరింది. జొన్న గొంతులో నుంచి ఆ సన్నటి గుర్రు నాకు తలుపు దగ్గరికి వినబడింది. నేను లోపలికి పోలేదు.

తర్వాత పాప చాలా మెల్లగా, "పదమూడేళ్లు తొంభై ఒకటి" అనింది.

అనంత చెనిక్కాయ, అనంతపురం | ఏప్రిల్ 13

చదువుతాంటే కళ్లు చెమ్మగిల్లినాయమ్మా. మంగళవారం మార్కెట్ యార్డు పని మీద కర్నూలుకు వస్తాండా. మా బావి గట్టు మీద గరిక మందు తగలని చోట ఏపుగా ఉంది. ఒక మోపు కోసుకుని రమ్మంటారా?

కల్లూరు అమ్మ, కర్నూలు | ఏప్రిల్ 13

తీసుకురండన్నా. పాప రెండు గిన్నెలూ కడిగి పెడతానంటోంది.